అక్క బదులు

"కార్డు ఇంకొంచెం దగ్గరగా పెట్టండమ్మా" అన్నాడు ఫోన్లో డాక్టరు.

చిన్నది కుడిచేత్తో కార్డు పైకెత్తింది. అది వేళ్ళ మధ్య నుంచి జారి బల్ల మీద పడింది. మళ్ళీ తీసి, ఈసారి ఎడమచేత్తో పట్టుకుంది. ఆ గుర్తింపు కార్డు అక్కది. వేసుకున్న చొక్కా కూడా అక్కదే. అక్కాచెల్లెళ్ళు ఒకే అచ్చులో పోసినట్టుంటారు. కెమెరాకు కనిపించకుండా బల్ల కింద గొంతుక్కూర్చున్న అమ్మకు అదొక్కటే ధైర్యం.

అక్కకు ఫిట్స్. రోజూ వేసుకునే మాత్రలు పొద్దుటితో అయిపోయాయి. డాక్టరు కొత్త చీటీ రాస్తే తప్ప ఇవ్వనని మందులషాపతను తేల్చి చెప్పేశాడు. ఫోన్లో చీటీ రాయాలంటే పేషెంటును కళ్ళారా చూసి తీరాలని, ఇప్పుడు చట్టం అలా ఉందని డాక్టరు మాట. అక్క పనిచేసే బట్టల ఫ్యాక్టరీలో ఫోన్లు గేటు దగ్గరే తీసేసుకుంటారు. అది ఇంటికొచ్చే వేళకు డాక్టరు ఫోన్లో దొరకడు. సెలవడిగితే ఎందుకంటారు. ఫిట్స్ అని తెలిస్తే మళ్ళీ మిషను దగ్గరికి రానివ్వరు. మాత్ర పడకుండా అది ఆ మిషను ముందు కూర్చుంటే ఏమవుతుందో తలుచుకోవడానికే అమ్మకు భయం. అందుకే చిన్నదాన్ని కూర్చోబెట్టింది.

పొద్దున్నుంచీ పాఠం చెప్పినట్టు చెప్పింది. అక్క పుట్టినరోజు, మందు పేరు, చివరిసారి ఫిట్స్ ఎప్పుడొచ్చాయో, అన్నీ. చిన్నది అప్పజెబుతూ అప్పజెబుతూ చేతిలో గాజుగ్లాసు జారవిడిచి పగలగొట్టింది. చేతికి నూనె రాసుకుని పుట్టావే అని అమ్మ విసుక్కుంది. చొక్కా గుండీలు పెట్టుకోలేక తంటాలు పడుతుంటే, "రేపు నీ పిల్లలక్కూడా నేనే పెట్టాలి కాబోలు" అని దెప్పుతూ తనే పెట్టింది.

డాక్టరు కార్డు చూడటం అయింది. ఈ మాటలన్నీ రికార్డవుతున్నాయని, ఒకరి బదులు ఇంకొకరు కూర్చుంటే నేరమని, సరిగ్గా చూడకుండా మందు రాస్తే తన లైసెన్సు కూడా పోతుందని కాగితం చూసి చదివినట్టు చెప్పుకుపోయాడు.

"గదిలో ఇంకెవరైనా ఉన్నారా?"

"లేరండీ."

"ఒకసారి చూపించండి."

చిన్నది ఫోను గదంతా తిప్పింది. గోడ, బీరువా, కిటికీకి ఆరేసిన తువ్వాలు. బల్ల కిందికి మాత్రం తిప్పలేదు. మళ్ళీ మంచినీళ్ళ జగ్గుకు ఆనించి పెట్టింది.

నేర్చుకున్న ప్రశ్నలన్నీ గట్టెక్కాయి. అప్పుడు డాక్టరు పాఠంలో లేనిది అడిగాడు. మాత్ర వేసుకున్నాక మత్తుగా ఉంటుందా అని. గిల్లితే అవునని చెప్పాలని ముందే ఒప్పందం. అమ్మ దాని కుడికాలి బొటనవేలు గిల్లింది. ఉలుకూ పలుకూ లేదు. ఇంకా గట్టిగా గిల్లింది. అయినా లేదు. మొద్దుమొహమా అని లోలోపల తిట్టుకుని ఎడమకాలు గిల్లింది. చిన్నది కుర్చీలో ఎగిరిపడి, "ఉంటుందండీ" అంది.

"ఈ మందుకు కొందరికి చేతులు వణుకుతాయి. రెండు చేతులూ ముందుకు చాపండి. కళ్ళు మూసుకోండి. నేను చెప్పేదాకా తెరవొద్దు."

చిన్నది చేతులు చాపి కళ్ళు మూసుకుంది.

గోడగడియారం చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించలేదు. అమ్మకు బల్లచెక్క తప్ప ఇంకేమీ కనిపించలేదు.

"మీ పాత రికార్డులో ఇలా లేదే" అన్నాడు డాక్టరు చివరికి. గొంతు మారిపోయింది.

దొరికిపోయామనుకుంది అమ్మ. తల బల్లకు కొట్టుకున్నా లెక్కచేయకుండా బయటికొచ్చి, ఫోను ముందు దండం పెట్టింది. తప్పంతా తనదేనని, పెద్దది డ్యూటీలో ఉందని, ఇది దాని చెల్లెలని, పోలీసులకు మాత్రం చెప్పొద్దని గడగడా చెప్పేసింది. చిన్నది సిగ్గుతో కళ్ళు ఇంకా గట్టిగా మూసుకుంది.

డాక్టరు కోప్పడలేదు. పెద్దమ్మాయి ఇంటికి రాగానే ఫోను చేయించమన్నాడు. ఏ వేళైనా సరే, చూసి మందు రాస్తానన్నాడు. అమ్మకు ప్రాణం లేచొచ్చింది.

"ఇక ఈ అమ్మాయి సంగతి" అన్నాడు. "ఈమెను ఇప్పుడే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలి. బస్సు కోసం చూడకండి, అంబులెన్సు నేను పంపిస్తాను. మీ చిరునామా అయినా నిజమేనా?"

"నిజమేనండీ. కానీ దీన్నెందుకు? ఇది గుండ్రాయిలా ఉంటుంది డాక్టరుగారూ. ఊరికే కూర్చోబెట్టాను. పేషెంటు ఇది కాదు."

"ఒకసారి మీ అమ్మాయి వంక చూడండమ్మా."

అమ్మ పక్కకు తిరిగింది. చిన్నదాని ఎడమచెయ్యి కర్రలా ముందుకు చాపి ఉంది. కుడిచెయ్యి ఎప్పుడు దిగిపోయిందో, బల్ల మీద వెల్లకిలా పడి ఉంది.

"ఇక దించమంటారా డాక్టరుగారూ," అంది చిన్నది కళ్ళు తెరవకుండానే, "రెండు చేతులూ?"