నల్ల ఇసుక మీద నీడ

“ఈ కొండ ఎక్కడిది?”

ఇరాకీ అధికారి గోడ మీది ఫోటో వైపు వేలు చూపించాడు. ఫోటోలో కొండ కొసన పొగ. కొండ ముందు ఒక తండ్రి, ముగ్గురు పిల్లలు నవ్వుతూ నిలబడ్డారు.

“బాలి దీవి, సయ్యిదీ. అది అగ్గికొండ,” అంది బషీరా బీ. “ఏటా సెలవులకి ఆడికే పోతారు. ఈసారి మామా, పిల్లోల్లు జూలైలోనే పోయినారు. ఇంగ రారు.”

అన్నది అరబ్బీలోనే. కానీ ఇన్నేళ్ళు కువైత్‌లో ఉన్నా ఆమె అరబ్బీని రాయచోటి యాస వదల్లేదు.

కబ్ద్ ఎడారిలో ఉన్న ఆ తోట ఇంటికి సైనికులు రావడం అదే మొదటిసారి. ఇంటాయన కువైత్ సైన్యంలో పెద్ద ఉద్యోగి. ఇరాక్ దండెత్తి వచ్చిన రోజు నుంచి ఎక్కడో దాక్కుని పోరాడుతున్నాడు. అతను దొరకడం లేదు కాబట్టి వీళ్ళకి అతని భార్య కావాలి. ఆమెని పట్టుకుంటే అతను తనంతట తానే వస్తాడు. పనివాళ్ళు మామా అని పిలిచేది ఆవిడనే. పక్క తోటలో వంటవాణ్ణి, యజమాని జాడ చెప్పలేదని జీపెక్కించారు. మళ్ళీ కనపడలేదు. ఇప్పుడు వీళ్ళు నమ్మకపోతే బషీరా బీ గతీ అంతే.

గదులు వెతికారు. గొర్రెల దొడ్డి, నీళ్ళ ట్యాంకు, మంచాల అడుగు కూడా వదల్లేదు. ఎవరూ దొరకలేదు. ఇంట్లో ఉన్నది బషీరా బీ, వంటింట్లో గిన్నెలు తోముతున్న ఇంకొకామె. అంతే.

“అదెవరు?”

“రజియా, సయ్యిదీ. మా ఊరి పిల్లే. చెవుడు, మూగ.”

ఒంటి మీద మాసిన గౌను, మోచేతుల దాకా మసి, అరచేతుల నిండా బొబ్బలు. స్టూలు మీద కూర్చుని తోముతోంది. బషీరా బీ ఒక్క అంగలో వెళ్ళి ఆ స్టూలు లాగేసింది.

“యాడి దొరసానివే నువ్వు? కింద కుచ్చోని తోము! ఇన్ని దినాలైనా గిన్నె తోమేది రాలేదే నీకు!” అని తెలుగులో అరిచింది. తిట్టే నోటికి వినే చెవులతో పనేముంది!

“దీని ఇఖామా ఏది?” అని నివాస అనుమతి కార్డు అడిగాడు అధికారి.

“మాకాడ యాడుంటాది సయ్యిదీ! మా పాస్‌పోర్టులు, ఇఖామాలు అన్నీ కఫీల్ బీరువాలోనే. ఆయప్ప నీకు దొరికితే మావి మాకు ఇప్పించు. నీ బిడ్డలు సల్లగుంటారు.”

పనివాళ్ళ కాగితాలు యజమాని దగ్గరే ఉంటాయన్నది అక్కడ అందరికీ తెలిసిన సంగతే. అధికారి మళ్ళీ ఫోటోల దగ్గరికి నడిచాడు.

“ఈ ఇంటావిడ ఫోటో ఒక్కటీ లేదేం?”

“ఆడోల్ల ఫోటోలు గోడకి తగిలించరు సయ్యిదీ, వీల్లింట్లో.”

“మరి ఇవన్నీ ఎవరు తీశారు? మొగుడూ పిల్లలూ ఇందులోనే ఉన్నారుగా?”

బషీరా బీకి గుండె జారింది. నోరు మాత్రం జారలేదు.

“నేనే. పిల్లోల్లను చూసుకునేదానికి నన్నూ తోలుకపోయినారు.”

“అయితే చెప్పు. ఏమేం చూశావు?”

బషీరా బీ గుక్క తిప్పుకోకుండా అందుకుంది. అక్కడి జలపాతం కింద నిలబడితే ఒకరి మాట ఒకరికి వినపడదట. కోతుల అడవిలో ఒక కోతి చిన్నవాడి టోపీ లాక్కుని, చెట్టెక్కి తానే పెట్టుకుందట. కొండ ఒళ్ళో పెద్ద చెరువు, ఆ చెరువు గట్టున వేడినీళ్ళ ఊటలు.

“కొండ మీద నేల సందుల్లోంచి ఆవిరొస్తాది సయ్యిదీ. అందులో కోడిగుడ్డు పెడితే ఉడికిపోతాది. మేమూ పెట్టినాం. ఉప్పు సల్లుకోని తిన్నాం.”

గుమ్మంలో ఉన్న సైనికులు గుటకలు మింగారు.

అధికారి నమ్మినట్టే కనిపించాడు. అంతలో ఆఖరి ఫోటో దగ్గర ఆగిపోయాడు. సముద్రపు ఒడ్డు, నల్లటి ఇసుక, పిచ్చిక గూళ్ళు కడుతున్న పిల్లలు. వాళ్ళ కాళ్ళ దాకా సాగిన ఒక నీడ. కెమెరా పట్టుకుని మోచేతులు పైకెత్తిన నీడ. సన్నగా, పొడుగ్గా ఉంది.

అతను నీడని చూశాడు. కాగులా గుండ్రంగా ఉన్న బషీరా బీని చూశాడు. వంటింటి వైపు తిరగబోయాడు. అక్కడ గిన్నెలు తోమే ఆమె అప్పటికే టీ కాచి, గ్లాసుల పళ్ళెం పట్టుకుని పైకి లేస్తోంది. బషీరా బీ ఒక్క ఉదుటున అడ్డం వెళ్ళి, పళ్ళెం లాక్కుని, భుజం పట్టి మళ్ళీ గిన్నెల ముందు కుదేసింది.

“ఈ నీడ నీదా?” అన్నాడు అధికారి.

“అది సాయంత్రం తీసిన ఫోటో, సయ్యిదీ. పొద్దు వాలితే పొట్టోల్ల నీడ కూడా పొడుగే.”

అధికారి ఫోటోని ఇంకోసారి చూశాడు. తర్వాత పగలబడి నవ్వాడు. ఆయన నవ్వాడు కాబట్టి సైనికులూ నవ్వారు. నిలబడే టీ తాగారు. రెండు గొర్రెల్ని జీపులో పడేసుకుని, “యల్లా!” అంటూ వెళ్ళిపోయారు.

జీపు చప్పుడు వినపడనంత దూరం పోయాక బషీరా బీ తలుపు గడియ పెట్టి అక్కడే కూలబడింది. జూలైలో చుట్టాలతో సెలవులకి పోయింది పిల్లలు మాత్రమే. అసలు ఆ దీవి ఏ దిక్కున ఉందో కూడా ఆమెకు తెలియదు. చుట్టాలు వచ్చినప్పుడల్లా టీ అందిస్తూ విన్న కబుర్లే అవన్నీ. ఎక్కడైనా తప్పు చెప్పానా అని భయంతో మొదటి నుంచీ తలుచుకుంటోంది.

వంటింట్లోంచి లేచి వచ్చి, ఆమె పక్కన నేల మీద చతికిలబడి, బొబ్బలెక్కిన చేత్తో ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుని, “ఆ రోజు గుడ్డు ఉడకలేదు బషీరా, పచ్చిదే పారేశాం,” అంది మామా.