వెండెల్ ఎడమ సిగ్నల్

మా ఆయన పోయిన మరుసటి ఏడాది నుంచీ అమెరికాలో, అయోవాలోని మా ఊరి రోడ్డు మీద, పెళ్లి కాని పొరుగు రైతు వెండెల్ ట్రక్కుకి ఎడమ సిగ్నల్ వెలుగుతూనే ఉంది. ఆయన మాత్రం ఎప్పుడూ నేరుగానే పోయేవాడు. మేమంతా దాన్ని లెక్కచేయకుండా ఎడమ నుంచే దాటేసేవాళ్ళం.

ఇవాళ బజారు నుంచి అటే చర్చికి బొంతలు కుట్టడానికి వెళ్తూ, ఆలస్యమై నేనూ అలాగే దాటబోయాను. ఆయన నిజంగానే తిరిగాడు. నా కారు కుడి దీపం పగిలిపోయింది.

“ఏమయ్యా వెండెల్, చెప్పాపెట్టకుండా తిరిగేస్తావా?”

“సిగ్నల్ వేశాను కదా, మార్లిస్ గారూ!”

“ఎన్నేళ్లుగానో వేస్తున్నావు. ఒక్కనాడైనా తిరిగావా?”

ఆయన టోపీ తీసి చేతుల్లో నలిపాడు. “రోజూ తిరుగుదామనే వేస్తానండీ. మీ ఇంటి దారి వచ్చేసరికి ధైర్యం చాలదు.”

ట్రక్కులో కేకు బోర్లా పడి ఉంది.

బొంతలు రేపైనా కుట్టుకోవచ్చు. పగలకుండా మిగిలిన ఎడమ సిగ్నల్ వేసి, ఆయన వెనకే మా ఇంటి దారిలోకి తిరిగాను.