రోజూ చేసే పనులు

సాయంత్రం ఇంగ్లీషు క్లాసు. మొగుడూ పెళ్ళాల్ని టీచరమ్మ లేపి నిలబెట్టింది. ఒకరు రోజూ చేసే పనులు ఇంకొకరు చెప్పాలి. ఆమె బట్టలు కుట్టే ఫ్యాక్టరీ నుంచి తిన్నగా ఇక్కడికే వచ్చింది. అతను ఇక్కణ్ణుంచి తిన్నగా బేకరీకి, రాత్రి పనికి పోతాడు.

"షి డ్రింక్స్ టీ. షి కోమ్స్ హర్ హెయిర్. షి గోస్ టు వర్క్," అన్నాడు భర్త.

"చూసి చెప్తున్నావా, కంఠతా పట్టావా?" టీచరమ్మ నవ్వింది.

"చూడ్డమెక్కడిదండీ? నేను ఇల్లు చేరేసరికి తను వెళ్ళిపోతుంది. సెలవులూ కలవవు. గ్లాసు అడుగున టీపొడి ఉంటుంది, దువ్వెనలో వెంట్రుకలుంటాయి."

భార్య గోడకేసి చూస్తూ చెప్పింది. "హి కమ్స్. హి స్లీప్స్. హి గోస్."

"అంతేనా?"

"దిండుకి బ్రెడ్డు వాసన ఉంటుంది టీచర్."

టీచరమ్మ పుస్తకం మూసింది. "ఒక్క తప్పు కూడా లేదు. మీకు వచ్చేసింది. రేపట్నుంచి రానక్కర్లేదు, మీ కుర్చీలు కొత్తవాళ్ళకిచ్చేద్దాం."

భర్త భార్యకేసి చూశాడు.

"రాలేదు టీచర్," అన్నాడు.

ఆమె మళ్ళీ తన కుర్చీలో కూర్చుంది.

"ఒక్క ముక్కా రాలేదు."