నూరు పోట్లు

బరువు తగ్గించే సూదులు వచ్చాక మా వీధిలో లావు పిల్లలు కనబడటం తగ్గింది. బరువుతో పాటు ఎముక కూడా తరిగిపోకుండా, సూది వేయించుకున్న పిల్లలు రోజూ నూరు గెంతులు గెంతాలి. ఇంటి నేలే లెక్కపెట్టి బడికి చెబుతుంది.

మా మనవరాలు సువర్చలకు పద్నాలుగేళ్ళు. సూది మొదలైన కొత్తలో ఒళ్ళింకా తగ్గలేదు.

"నేను గెంతను అమ్మమ్మా. కింద ఫ్లాటు వాళ్ళు భూకంపం వచ్చిందని నవ్వుతున్నారు," అని ఏడ్చింది.

"పడుకో తల్లీ. నేల సంగతి నేను చూసుకుంటా."

ఆ పొద్దు నుంచి ఏడాది పాటు రోట్లో పసుపో కారమో వేసి నూరు పోట్లు దంచాను. దంచుతున్నానంటే కిందివాళ్ళు ఏమీ అనలేదు. "శభాష్ సువర్చలా," అని నేల రోజూ మెచ్చుకుంది. పిల్ల సన్నబడింది.

ఒకనాడు గడప దగ్గర తూలి కూలబడింది. అంత మాత్రానికే తుంటి ఎముక విరిగింది.

నెలల తర్వాత, గెంతవచ్చని డాక్టరమ్మ చెప్పిన రోజున, రోకలి అటకెక్కించాను. సువర్చల నా భుజం పట్టుకుని గెంతింది.

"మీరు సువర్చల కాదు. ఎవరు మీరు?" అంది నేల.

పిల్ల నా వైపు చూడలేదు. మళ్ళీ గెంతింది. నేల మళ్ళీ అదే అడిగింది.