కోడలికి నేర్పే విద్య

పెళ్లి మర్నాడు మామగారి ముందు మోకాళ్ల మీద కూర్చుని టీ గిన్నె అందిస్తూ సూయిన్ ఆయన ముఖం వంక చూడలేదు. గిన్నె అందుకున్న కుడిచేతి వంకే చూసింది. తన తండ్రిని చంపిన చెయ్యి అది.

మామగారు టీ తాగి, చల్లగా ఉండమ్మా అని దీవించి, వెండి కడియం తొడిగాడు. చల్లగా ఉండటం ఎలాగో ఆమెకు తెలిస్తేగా! చిన్నప్పటి నుంచీ కడుపులో కుంపటి పెట్టుకునే పెరిగింది.

తండ్రి గూ ఫుషెంగ్ కాలువ మీద ఉప్పు పడవలు నడిపేవాడు. తాగుబోతు. తాగివచ్చి తల్లిని గొడ్డును బాదినట్టు బాదేవాడు. అయినా తండ్రి తండ్రే. ఒక సాయంత్రం సూయిన్ ఒడ్డు మీద పుల్లలు ఏరుకొచ్చేసరికి పడవలో వెల్లకిలా పడి ఉన్నాడు. ఒంటి మీద కత్తిగాటు లేదు. పక్కటెముకల కింద మాత్రం నేరేడుపండు రంగులో అరచేతి ముద్ర ఉంది, బొటనవేలు లోపలికి ముడిచి. "యాన్ వాళ్ల చెయ్యి" అని మూలిగి కన్నుమూశాడు. ఆ మాట ఆమె తన చెవులతో తాను విన్నది.

తల్లి ఏడవలేదు. కూతురి వేళ్లు పట్టుకుని ఆ ముద్ర మీద ఆనించింది. ఈ దెబ్బ త్సాంగ్‌జౌలో యాన్ షౌజెంగ్ ఇంట్లో తప్ప భూమ్మీద ఇంకెక్కడా లేదని, బతికినంత కాలం గుర్తుపెట్టుకోమని చెప్పింది.

యాన్ షౌజెంగ్ పేరు తెలియనివాళ్లు ఆ జిల్లాలో లేరు. వయసులో ఉండగా వర్తకుల బళ్లకు కాపలా వెళ్లేవాడు. బండి మీద ఆయన జెండా కనిపిస్తే దొంగలే పక్కకు తప్పుకునేవారు. రైలు వచ్చి ఆ పని మూలపడ్డాక కొన్నాళ్లు సైనికులకు పట్లు నేర్పాడు. తర్వాత ఊళ్లోనే సాధనశాల తెరిచాడు. ఎన్ని పోటీలు గెలిచినా ఒక్క ప్రాణం తీయలేదని జనం ఆయన్ను దేవుణ్ణి చేసి కూర్చోబెట్టారు. ఆ పొగడ్త చెవిన పడ్డప్పుడల్లా సూయిన్‌కు ఒళ్లు మండేది.

అలాంటివాణ్ణి బయటి నుంచి వచ్చి కొట్టగలవాడు లేడు. దారి తల్లే చెప్పింది. యాన్ ఇంటి విద్య పరాయివాళ్లకు నేర్పరు. సొంత ఆడపిల్లలకూ నేర్పరు, పెళ్లయి వెళ్తూ అత్తింటికి మోసుకుపోతారని. కోడలు ఎక్కడికీ పోదు కాబట్టి కోడలికి నేర్పుతారు.

"కోడలివై వెళ్లు. వాడి దెబ్బతోనే వాణ్ణి కూల్చు. అమ్మా నాన్నా లేరని, ఇంటిపేరు వేరేదని చెప్పు, నా ఊసే ఎత్తకు" అంది తల్లి. ఆయన ఎన్నింటికి లేస్తాడో, టీ ఎంత పలచగా తాగుతాడో కూడా చెప్పి పంపింది. పగ పడితే మనిషి ఎంతెంత ఆరా తీస్తుందో అని సూయిన్ ఆశ్చర్యపోయింది.

ఆ పలచటి టీలో ఇంత విషం కలపడం ఎంతసేపు? కానీ తల్లి ఒట్టు వేయించుకుంది. ఆ దెబ్బతోనే పోవాలి.

భర్త దెషన్ మంచివాడు. పాపం, చేతిలో సత్తువ లేదు. "నాన్న ముక్కు నాకొచ్చింది, చెయ్యి నీకొచ్చింది. ఇద్దరం కలిస్తే ఒక మనిషి లెక్క" అని తన మీద తానే నవ్వుకునేవాడు. అతను అలా నవ్వుతుంటే ఆమె మనసు మెత్తబడేది. మెత్తబడినందుకు తన మీద తనకే కోపం వచ్చేది.

రోజూ తెల్లవారుతుండగా పెరట్లో రేగుచెట్ల కింద మామగారు పాఠం మొదలుపెట్టేవాడు. గుర్రమెక్కినట్టు తొడలు వంచి నిలబెట్టేవాడు. కాళ్లు వణికితే చాలు, నిన్ను పెంచినవాళ్లు గంజినీళ్లే పోశారా అని ఎత్తిపొడిచేవాడు. ఆమె పళ్లు బిగించి ఇంకాస్త కిందికి దిగేది. ఆయన మురిసిపోయేవాడు. ఇంత మొండితనం తన రక్తంలో కూడా చూడలేదని వచ్చినవాళ్లందరికీ చెప్పుకునేవాడు. పగ లోపల దాచుకుని కాళ్లకు మొక్కడం ఎంత కష్టమో మొక్కినవాళ్లకే తెలుస్తుంది. ఏళ్ల తరబడి మొక్కింది.

ఒక చలికాలం ఉదయం ఆయన సాధనశాల తలుపులు మూసి గడియపెట్టాడు.

"ఇంక మిగిలింది ఒక్క దెబ్బే అమ్మాయ్. మీ ఆయనకు నేర్పలేదు, వాడివల్ల కాదు. నాతోనే మట్టిలో కలిసిపోతుందనుకున్నా" అన్నాడు. అరచెయ్యి చాపి, బొటనవేలు లోపలికి ముడిచాడు.

సూయిన్ ఆ చేతి వంకే చూసింది. అదే చెయ్యి. అలాగే ముడిచిన బొటనవేలు.

ఆయన చొక్కా పైకెత్తి పక్కటెముకల కింద చోటు చూపించాడు. "ఇదిగో, ఇక్కడ. ఊరికే ఆనించు. బరువు పెట్టావంటే నేనుండను."

ఆమె ఒంట్లో ఉన్న బరువంతా పెట్టింది.

ముసలాయన గోడ దాకా వెళ్లి కూలబడ్డాడు. పెదవి చివర నెత్తురు కనిపించింది. కోప్పడలేదు. ఎందుకమ్మా అని మాత్రం అడిగాడు.

"ఉప్పు పడవల గూ ఫుషెంగ్ గుర్తున్నాడా? ఆయన కూతుర్ని నేను. మా నాన్న ఇదే దెబ్బకు పోయాడు. ఇన్నేళ్లూ నీ కాళ్లకు మొక్కింది ఈ పొద్దు కోసమే" అంది సూయిన్. ఏడుపొస్తుందనుకుంది, రాలేదు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆమె ప్రాణానికి హాయిగా ఉంది.

ఆయన ఆమె ముఖంలోకే చూశాడు. చెంప నిమరబోయినట్టు చెయ్యెత్తాడు, అందలేదు.

"ఆడపిల్లకు కూడదని మా నాన్న తలుపేసుకుని నాకొక్కడికే నేర్పుతుంటే, గోడకు కన్నం చేసి చూసి మరీ ఈ దెబ్బ నేర్చుకుంది నా చెల్లెలు, ఆ గూ ఫుషెంగ్‌నే కట్టుకుని ఇల్లొదిలి పోయింది కదమ్మా."