అక్క పెదవి

నా కింది పెదవి మీద పుట్టుకతో వచ్చిన రక్తనాళాల గడ్డ. ప్రాణానికి ముప్పు లేదు. కోసి తీశాక పెదవిని ఎలా మలచాలో చూసుకోవడానికి డాక్టరమ్మ ఓ ఫోటో అడిగింది.

"నా ఫోటోలన్నిట్లో నోటికి చెయ్యి అడ్డమేనండీ," అంటూ పర్సులోది తీసిచ్చాను.

"ఇందులో గడ్డ లేదే?"

"మా అక్కండీ. కవలలం. ఈ గడ్డ చూసే అమ్మ మమ్మల్ని పోల్చుకునేది. తప్పెవరిదైనా దొరికిపోయేది నేనే."

"అయితే అక్కనే రమ్మనండి. ఎదురుగా చూస్తే మంచిది."

"పోయి ఏడాదైందండీ. అప్పట్నుంచి అమ్మ మళ్ళీ మనిషి కాలేదు."

డాక్టరమ్మ ఫోటో తీసుకుంది.

కుట్లు విప్పిన రోజు అద్దంలో అచ్చం అక్క. పోయిన కూతుర్ని అమ్మకి తెచ్చిస్తున్నానని నా కాళ్ళు నేలమీద ఆనలేదు.

తలుపు తీసిన అమ్మ నా గడ్డం పట్టుకుని, బొటనవేలితో పెదవి తడిమి చూసింది.

"వచ్చావుటే పెద్దదానా!" అంటూ వాటేసుకుని ఏడ్చింది. ఏడాది తర్వాత నవ్వింది కూడా.

అంతలోనే నా భుజం మీదుగా వీధిలోకి తొంగిచూసింది.

"చెల్లెల్ని ఎక్కడ వదిలేసొచ్చావే?"