కింది పోర్షన్ మాబున్నీ

చిన్నా మళ్లీ మాబున్నీ చేతుల్లోకే దూకాడు.

సువార్తకు ఒళ్లు మండిపోయింది.

"సూడు సూడు, ఎట్ల దూకినాడో దొంగ!" అంటూ మాబున్నీ వాణ్ణి గుండెలకు హత్తుకుంది.

అప్పటిదాకా గుక్కపట్టి ఏడ్చినవాడు ఠక్కున నోరు మూశాడు. కన్నతల్లి ఇల్లంతా ఎత్తుకు తిప్పినా దక్కని మర్యాద అది.

మాబున్నీది రాయచోటి. కిందటేడు సువార్త ఆస్పత్రిలో ఉండగా కింది పోర్షన్‌లో దిగింది. భర్త ఖలందర్ ఒక సౌదీ ఇంట్లో డ్రైవరు. పిల్లల్లేరు. వంట ముగిసిందంటే చాలు, మెట్లెక్కి వచ్చేస్తుంది.

"బిడ్డకు ఫర్వా తెచ్చినాను. తొడిగి సూడుమ్మా."

ఇక్కడివాళ్లు చలికి వేసుకునే ఉన్ని కోటు అది. పసివాడికి సరిపోయేంత, బుల్లిది.

"స్వెట్టర్లు బోలెడున్నాయండీ."

"స్వెట్టర్లు ఈ సలికి యాడ ఆన్తాయి?"

ఆ మాట నిజమే. ఎడారంటే ఎండే అనుకుని అమలాపురం నుంచి పలచటి దుప్పట్లతో దిగిన సువార్తకు సౌదీ ఉత్తరాన ఉన్న ఈ తబూక్ చలి మొదటి ఏడే బుద్ధి చెప్పింది. ఈ డిసెంబరు మరీ ఘోరం. పొద్దున్నే కారు అద్దాల మీద మంచు గీకందే భర్త దానియేలు డ్యూటీకి కదల్లేకపోతున్నాడు.

నిజమైతే మాత్రం? ఆమె చెప్పాలా?

మాబున్నీ మెట్లు దిగగానే ఫర్వా బీరువా అడుగుకు పోయింది.

సాయంత్రం మొగుడు గడప దాటి లోపలికి రాగానే మొదలుపెట్టింది.

"ఏవండీ, ఆవిడ రావడం మాన్పించండి."

"ఎవరు, మాబున్నీయా? పోనీలే, పిల్లాడంటే ప్రాణం ఆవిడకి."

"నిన్న ఫోన్లో ఎవరితోనో చెప్తంది, 'నా కొడుక్కి పళ్లొచ్చినాయి' అని! నా కొడుకంట! నేను కాదా కన్నది?"

దానియేలు బూట్ల తాళ్లు విప్పుతూ తల ఎత్తలేదు.

"క్రిస్మస్‌కి వాళ్లనీ పిలుద్దాం, సువార్తా."

"మీరూ ఆవిడ పక్షమేనా?"

సువార్త మూతి ముడుచుకుని వంటింట్లోకి పోయింది. ఆమె కడుపుమంటకు కారణం లేకపోలేదు. కాన్పు కష్టమై కిందటి చలికాలం చాలామటుకు ఆస్పత్రి మంచం మీదే గడిచిపోయింది. ఇంటికి వచ్చేసరికి బిడ్డ మనుషుల్ని గుర్తుపట్టి నవ్వుతున్నాడు. మొదటి నవ్వు మాబున్నీని చూసి నవ్వాడు. అది తనకు రావలసిన నవ్వు.

క్రిస్మస్ పొద్దున దానియేలు కేకు తేవడానికి వెళ్లాడు. వీధిలోకి కనబడకుండా కర్టెన్లు లాగి, హాల్లో కాగితం నక్షత్రం కడుతోంది సువార్త.

తలుపు చప్పుడైంది.

గొలుసు తీయకుండానే సందులోంచి చూసింది. మాబున్నీ. ఒంటినిండా నల్ల అబాయా, పక్కన పెట్టె.

"మేము పోతాండామమ్మా. పని ఇచ్చిన కఫీల్ వేరే డ్రైవర్ని పెట్టుకున్యాడు. దేశానికి పొమ్మని రాత్రే ఎగ్జిట్ పడింది. కింద టాక్సీ నిలబడుండాది."

"అలాగా! క్షేమంగా వెళ్లిరండి."

సంతోషం దాచుకోవడం సువార్త వల్ల కాలేదు.

"బిడ్డను ఒక్కపాలి ఎత్తుకోని పోతా."

"పడుకున్నాడండీ."

పడుకోలేదు. ఆ గొంతు వినగానే లోపల్నుంచి కెవ్వున కేక పెట్టాడు.

"ఏడుస్తుండాడే!"

"మీ గొంతుకే లేచిపోయాడు. తలుపు తీస్తే చలిగాలి కొడుతుంది. జలుబు చేస్తే పడేది నేను. కన్నవాళ్లకి తెలుస్తుందండీ ఆ బాధ. మీకేం తెలుస్తుంది?"

మాబున్నీ పెట్టె పిడి అందుకుంది.

"నిజమేలేమ్మా" అంది. "సెవులకు గుడ్డ కట్టు. వానికి సెవులకే సలి తగుల్తాది."

పెట్టె మెట్ల మీద దడదడమంటూ దిగిపోయింది. సువార్త తలుపు మూసి, హమ్మయ్య అనుకుంది. ఇక బిడ్డ తనవాడు, అచ్చంగా తనవాడు.

మధ్యాహ్నానికి తెలిసిన రెండు కుటుంబాలు వచ్చాయి. ప్రార్థన అయింది. చిన్నా మాత్రం ఏడుపు ఆపడం లేదు. చేతులు మారాడు, కేకు చూపించారు, నక్షత్రం చూపించారు. ఊహూ.

"మాబున్నీని పిలు, ఊరుకుంటాడు" అన్నాడు దానియేలు.

"ఆవిడ ఎక్కడుంది? పొద్దున్నే దేశం వెళ్లిపోయారు. ఎగ్జిట్ పడిందంట."

దానియేలు ముఖం పాలిపోయింది. భార్యను వంటింట్లోకి తీసుకుపోయాడు.

"వెళ్లేముందు రాలేదా?"

"వచ్చింది. ఎత్తుకుంటానంది. నేనే ఇవ్వలేదు. నా బిడ్డని దారేపోయే ప్రతివాళ్లకీ ఇవ్వాలా?"

"ఎంతపని చేశావే!"

ఆ గొంతుకు సువార్త బెదిరిపోయింది. అతను ఎప్పుడూ అలా అనలేదు.

"నువ్వు ఐసీయూలో స్పృహ లేకుండా ఉన్నప్పుడు వీడికి డబ్బా పాలు పట్టానని చెప్పాను కదా. అది అబద్ధం. ఏ పాలు పట్టినా కక్కేశాడు. ఆ చలికి వడిలిపోయి ఏడ్చే ఓపిక కూడా లేకుండా పడుండేవాడు. తల్లిపాలైతేనే నిలుస్తాడన్నాడు డాక్టరు."

"మరి... నేను అక్కడ..."

"నీకు పాలు పడలేదని నువ్వు కుమిలిపోతుంటే, ఈ సంగతి నీకు ఎప్పటికీ చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకుంది."

"ఎవరండీ?"

హాల్లో చిన్నా ఇంకా గుక్కపట్టి ఏడుస్తూనే ఉన్నాడు.

"పురిట్లో పోయిన తన కొడుకుని ఖలందర్ మట్టిలో పెట్టి వచ్చిన ఆ సాయంత్రమే, పైకొచ్చి వీణ్ణి ఒళ్లో వేసుకుని, నువ్వు ఇంటికి వచ్చేదాకా తన పాలిచ్చి బతికించింది మాబున్నీ."